కవితాళ దారి, మా జీపు కమాన్లు

రాయచూరు నుండి లింగసుగూరు వైపు పోయే దారిలో సిరవార దాటిన తరువాత కవితాళ వస్తుంది. పేరుకు అది ఇప్పుడు పట్టణ పంచాయతి. బస్సు దిగినవారికి మాత్రం ఇంకా పెద్ద పల్లెగానే కనబడుతుంది. విత్తనాల కొట్లు, ఎరువుల కొట్లు, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్లు, వాటి నడుమ టీ హోటళ్ళు. ఒకే బల్ల మీద కూర్చున్న నలుగురూ కన్నడం, తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడుకుంటారు. ఎవరికీ ఏదీ పరభాషగా తోచదు. చరిత్ర మీద ఆసక్తి గలవారు ఇంకా ముందుకుపోయి మస్కి చూస్తారు. బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు 1915లో అక్కడి అశోక శాసనాన్ని కనుగొన్నాడు. ఆ చక్రవర్తిని అశోకుడనే పేరుతోనే చెప్పిన శాసనమది. మేము మాత్రం కవితాళలోనే దిగుతాము. మా పుట్టిల్లు ఆ పక్కనే ఉన్నది.

మన సంఘ కుటుంబాలలో చాలమందికి ఆ ప్రాంతపు కథ తెలిసినదే. 1953లో తుంగభద్ర జలాశయం నుండి కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ పొడవు 227 కిలోమీటర్లు. అప్పుడు ఈ నేల హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరినది. కాలువ వస్తున్నదని విని కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల రైతులు సొంత ఊళ్ళలో ఎకరాలు అమ్ముకొని వచ్చి ఇక్కడ నల్లరేగడి కొన్నారు. తాటాకు పాకలు వేసుకున్న చోట్లకు క్యాంపులని పేరు వచ్చినది. పాకలు పోయి డాబాలు వచ్చినా క్యాంపు అనే పేరు పోలేదు. మా తాతగారు కూడా అట్లా వచ్చినవారే.

కవితాళలో తారురోడ్డు వదలి మా క్యాంపుకు పోవాలంటే నాలుగు కిలోమీటర్లు పిల్లకాలువ గట్టు వెంట పోవాలి. ఈ నాలుగు కిలోమీటర్లే ఈ వ్యాసానికి కారణం.

నల్లరేగడి గుణం తెలిసినవారికి ఎక్కువ చెప్పనక్కరలేదు. వానలో అది చక్రాన్ని వదలదు. ఎండలో తడి ఆరిపోగానే, వానలో పడిన గాళ్ళన్నీ అట్లాగే గట్టిపడి రాయి అవుతవి. దమ్ము చేసే రోజులలో ట్రాక్టర్లు ఇనుప చక్రాలతో ఆ గట్టు మీదనే ఒక పొలం నుండి ఇంకో పొలానికి పోతవి. అవి కొరికిన చోట అడ్డంగా మెట్లు మెట్లుగా పడుతుంది. దారికి అడ్డంగా మూడు తూములున్నవి. ఒక్కొక్క తూముకు ఇటూ అటూ మట్టి కుంగి గుంట పడినది. ఇరువైపులా సర్కారు తుమ్మ. మామూలు కారు తీసుకొనిపోతే గాళ్ళ మధ్య మిట్టకు దాని పొట్ట తగులుతుంది. అందుచేత మా ఇంటిలో ముప్పై ఏళ్ళకు పైగా ఒక పాత డీజిల్ జీపే ఉన్నది.

నిరుడు పంట కళ్ళంలో ఉన్న రోజులలో మా అమ్మ టార్పాలిను అంచు కాలికి తగిలి కూలబడినది. పడినది పెద్ద ఎత్తు నుండి కాదు. కాని ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఎముకలు గుల్లబారి ఉన్నవి. నడుము దగ్గర వెన్నుపూస ఒకటి నలిగినది. ఆ సాయంత్రం జీపు వెనుక పరుపు వేసి ఆమెను పడుకోబెట్టి తారురోడ్డు దాకా తీసుకొనివచ్చారు. మా అమ్మ నొప్పి వచ్చినా కేకవేసే మనిషి కాదు. ఆ దారిలో పమిట చెంగు నోటిలో కుక్కుకున్నదని, రెండవ తూము దగ్గర మాత్రం నాన్నగారి పేరు పెట్టి పిలిచినదని మా తమ్ముడు చెప్పాడు. పెళ్ళయిన యాభై ఎనిమిదేళ్ళలో ఆమె ఆయన పేరు పలకడం మాలో ఎవరమూ వినలేదు.

రాయచూరులో డాక్టరుగారు పరీక్షచేసి ఆపరేషను అక్కరలేదన్నారు. ఆరువారాలు మంచం మీద ఉండి, తరువాత నడుముకు పట్టా కట్టుకొని కూర్చోవచ్చు. నెలకొకసారి వచ్చి చూపించుకోవాలి. కొన్ని నెలలపాటు గట్టి కుదుపు మాత్రం తగలకూడదు. ఆరువారాలూ అమ్మ రాయచూరులో మా పిన్నిగారింట ఉన్నది. ఆ తరువాత నేను హైదరాబాదు తీసుకొనిపోతానన్నాను. తమ్ముడు కూడా అదే మంచిదన్నాడు. అమ్మ ఒక్కటే మాట అన్నది. "అమ్మాయ్, అక్కడ నేను ఎవరి కోసం తెల్లవారి లేవాలి? నన్ను మన ఇంటికి చేర్చండి."

ఇంటికి చేర్చడమంటే ఆ నాలుగు కిలోమీటర్లు దాటించడం. పైగా నెలనెలా రావాలి, పోవాలి. దారి మన చేతిలో లేదు. అర్జీలు ఇస్తూనే ఉన్నాము. చేతిలో ఉన్నది జీపు ఒక్కటే.

ఆ జీపుకు నాలుగు వైపులా కమాను పట్టీలే. కొన్నప్పుడు అది మరీ ఇంత గట్టి బండి కాదు. కాలువ చివరి భూములు మావి. నీరు అందిన ఏడు వరి, అందని ఏడు మిరప, ప్రత్తి. మిరప బస్తాలు, ఎరువు బస్తాలు జీపులోనే మోసేవారు. బరువుకు వెనుక భాగం కుంగిపోతున్నదని నాన్నగారు ఒక్కొక్క కట్టకు అదనపు పట్టీలు వేయించారు. ఆ పట్టీలే మమ్మల్ని చదివించినవని చెప్పినా తప్పులేదు. కాని బస్తాలు లేనప్పుడు ఆ జీపులో కూర్చున్నవారికి కమాన్లు ఉన్నవో లేవో తెలిసేది కాదు. నాన్నగారికి ఆ సంగతి తెలియదు. ఆయన ఎప్పుడూ స్టీరింగు పట్టుకొనే కూర్చున్నారు. అమ్మ ఎప్పుడూ వెనుక పక్కబల్ల మీద, సరిగ్గా ఇరుసు పైన, బస్తాల పక్కన కూర్చునేది.

మా తమ్ముని కొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ, సెలవులలో స్నేహితులతో కొండదారులలో జీపు నడిపే సరదా గలవాడు. విషయం తెలిసి వాడు ఫోను చేశాడు. "అత్తయ్యా, పాత పట్టీలన్నీ తీసేద్దాం. నాలుగంగుళాలు ఎత్తు పెంచే పొడుగు స్ప్రింగులు, పెద్ద షాకప్పులు పెట్టిద్దాం. చక్రం అడుగు మేర పైకీ కిందికీ ఆడుతుంది. ఎంత గుంట అయినా మింగేస్తుంది" అన్నాడు. వాడు చెప్పినది వట్టి మాట కాదు. 1967లో మెక్సికోలో బాహా ఎడారి పందెం మొదలైనది. అటువంటి పందేలలో రాళ్ళ మీద, ఇసుక మీద అతివేగంగా పోయే బండ్లకు చక్రం చాలా దూరం ఆడవలె; లేకపోతే బండి ఎగిరి పడుతుంది. ఆ వేగానికి షాకప్పులోని నూనె సలసల కాగుతుంది. అందుకే వాటికి పెద్ద గొట్టాలు, పక్కన మరొక నూనె తిత్తి, నూనె నురగ కట్టకుండా నైట్రోజను వాయువు ఉంటవి.

కవితాళ బజారులో ఒక ముసలి మేస్త్రి ఉన్నాడు. మా జీపును నలభై మాట్లు విప్పి బిగించినవాడు. నేను, నాన్నగారు పోయి మా అల్లుడి సలహా చెప్పాము. అతడు విని మూడు ప్రశ్నలు అడిగాడు. "బండిలో ఎవరు కూర్చుంటారు? ఏ దారిన పోతుంది? ఎంత జోరుగా పోతుంది?" కూర్చునేది అమ్మ. దారి అతనికి తెలిసినదే. వేగం గంటకు పది, పదిహేను కిలోమీటర్లు. అప్పుడతను నవ్వి, "నాలుగంగుళాలు పెంచితే అమ్మ ఎక్కేది ఎట్లా? నిచ్చెన వేస్తారా?" అన్నాడు.

ఆ మాట మాకెవరికీ తోచలేదు. నడుముకు పట్టా కట్టుకున్న మనిషికి ఎక్కడం, దిగడం కూడా ప్రయాణంలో భాగమే. ఎత్తు పెరిగితే బండి పక్కకు ఊగడమూ పెరుగుతుంది. అంతేగాక రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. మాకు కావలసినది ఎత్తు కాదు, చక్రానికి ఆట. ఈ రెండూ ఒకటేనని చాలమంది అనుకుంటారు. మేమూ అట్లాగే అనుకున్నాము.

ఆ రోజు మేస్త్రి చేసి చూపినది ఎవరైనా తమ బండికి చేసి చూసుకోవచ్చు. మొదట బండిని నేల మీద నిలిపి, చట్రానికీ ఇరుసుకూ మధ్య దూరం కొలిచాడు. తరువాత చట్రం కింద జాకీ పెట్టి చక్రం గాలిలో వేలాడేదాకా ఎత్తి మళ్ళీ కొలిచాడు. తేడా ఒకటిన్నర అంగుళం. అంటే బండి బరువంతా పడినా కమాను దిగినది ఒకటిన్నర అంగుళమే. చక్రం గుంటలోకి దిగవలసి వస్తే అంతకుమించి దిగలేదు. ఆపైన బండే దానితోపాటు గుంటలో పడుతుంది.

ఈ కొలత నుండి మరొక సంగతి కూడా తెలుస్తుంది. స్ప్రింగును ఎంత బరువు లాగితే అంతకు తగినంతే సాగుతుందని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. దానిని బట్టి లెక్కవేస్తే, ఒకటిన్నర అంగుళం దిగే కమాను మీద బండి సెకనుకు రెండున్నర సార్లు ఊగుతుంది. మూడున్నర అంగుళాలు దిగితే ఆ ఊపు సుమారు 1.7కు తగ్గుతుంది. కూర్చున్న మనిషి వెన్నుకు అన్నిటికంటె బాధ కలిగించేవి సెకనుకు నాలుగు నుండి ఎనిమిది దాకా ఉండే అదుర్లు. మా జీపు పట్టీలు తుప్పు పట్టి ఒకదానికొకటి కరచుకొని ఉన్నవి. ఆ స్థితిలో కమాను అసలు పనిచేయదు. టైర్లలోని గాలి ఒక్కటే స్ప్రింగు. అప్పుడు వచ్చే అదుర్లు సరిగా ఈ చెడ్డ వరుసలోకే పోతవి. అమ్మ ఆ సాయంత్రం అనుభవించినది అదే.

పట్టీల లెక్క కూడా మేస్త్రికి నోటికి వచ్చు. కట్టలో పట్టీల సంఖ్య ఎంత పెరిగితే కమాను అంత బిరుసు. మందం సంగతి అట్లా కాదు. అది కొంచెం తగ్గినా మెత్తదనం చాలా వస్తుంది, ఎందుకంటే బిరుసు మందానికి ఘనంగా పెరుగుతుంది. మా కట్టలో తొమ్మిది పట్టీలు, ఒక్కొక్కటి ఏడు మిల్లీమీటర్లు. వాటి బదులు ఆరు మిల్లీమీటర్లవి ఆరు పట్టీలు వేస్తే బిరుసు సగానికంటె తక్కువ అవుతుంది. చుట్ట స్ప్రింగులున్న కొత్త బండ్లవారు ఇంకా జాగ్రత్తగా ఉండవలె. అక్కడ బిరుసు తీగ మందానికి నాలుగవ ఘాతంగా పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తీగ బదులు 13 పెట్టిస్తే, కంటికి తేడా కనబడదు గాని బిరుసు మూడవ వంతుకు పైగా పెరుగుతుంది. కొట్టువాడు "గట్టిది సార్" అని ఇస్తే సంతోషించి తెచ్చుకోరాదు.

అయితే మెత్తని పట్టీలు వేస్తే బండి కుంగిపోదా అని నాన్నగారు అడిగారు. అందుకే వాటికి ఎక్కువ వంపు కావాలి. రాయచూరులో పట్టీలు కొట్టే కమ్మరి దగ్గర ఆ వంపు పెట్టించాము. బరువు పడ్డాక బండి పాత ఎత్తుకే వచ్చి నిలిచేటట్టు చూశాము. అప్పుడు చక్రం మూడున్నర అంగుళాలు కిందికి దిగగలదు. పైకి రబ్బరు దిమ్మ తగిలేదాకా మరొక మూడున్నర ఉన్నది. మొత్తం ఏడంగుళాల ఆట. పందెపు బండ్లవారికి ఇది లెక్కలోనిది కాదు. నిదానంగా పోయే మాకు చాలు.

తరువాత షాకప్పులు. కమాను ఊపును మింగదు. తీసుకొని తిరిగి ఇస్తుంది. ఆ ఊపును చంపేది షాకప్పు. లోపల నూనె సన్నని రంధ్రాల గుండా దూరిపోతూ ఊపును వేడిగా మార్చివేస్తుంది. ఇక్కడ చాలమంది చేసే పొరపాటు ఒకటి ఉన్నది. కమాన్లు మార్చి పాత పొట్టి షాకప్పులే బిగిస్తారు. అప్పుడు చక్రం దిగబోతే షాకప్పు మధ్యలో బిగుసుకొని ఆపుతుంది. ఆటకోసం పెట్టిన డబ్బంతా వృథా. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు రెండు కొనల మధ్య దూరం ఎంత, రబ్బరు దిమ్మకు తగిలేదాకా ఎత్తినప్పుడు ఎంత, ఈ రెండూ కొలవవలె. చాచిన షాకప్పు మొదటిదానికంటె కొంచెం పొడుగుగా, ముడిచిన షాకప్పు రెండవదానికంటె కొంచెం పొట్టిగా ఉండవలె. మరీ బిగుతైనది కూడా పనికిరాదు. బిగుతు షాకప్పు మెత్తని కమానును మళ్ళీ బిరుసుగా చేస్తుంది. చక్రం వేలాడినప్పుడు బ్రేకు గొట్టం లాగుకొనిపోతున్నదేమో చూసి, ముందువైపు రెండూ పొడుగువి వేయించాము. షాకిళ్ళ బుష్‌లు కొత్తవి వేయించి, పట్టీల మధ్య గ్రీజు పూయించాము.

ఈ పని జరుగుతుండగా ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీవారు రైతుల కోసం చేసిన చిన్నకారు సంగతి నాన్నగారికి చెప్పాను. దున్నిన పొలంలో గ్రుడ్ల బుట్టతో పోయినా ఒక్క గ్రుడ్డు పగలరాదన్నది ఆ కారు చేసేవారికి పెట్టిన నియమాలలో ఒకటని ప్రసిద్ధి. రెండవ ప్రపంచ యుద్ధం వల్ల ఆగి, అది 1948లో పారిస్ ప్రదర్శనలో బయటికి వచ్చినది. 1990 దాకా తయారయినది. దాని ఇంజను చాలా చిన్నది. గొప్పతనమంతా మెత్తగా, చాలా దూరం ఆడే స్ప్రింగులలోనే ఉండేది. నాన్నగారు విని కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, "మా అమ్మను కూడా ఈ దారినే బండిలో తెచ్చారు. మా నాన్న మోకాలి లోతు వరిగడ్డి పరిపించాడు" అన్నారు. ఎద్దుబండికి కమాన్లు లేవు. మనవారికి గడ్డే కమాను.

బిగింపు అయిన మరునాడు పరీక్ష. తమ్ముడు డ్రైవు చేయడానికి కూర్చున్నాడు. నాన్నగారు తాము ముందు పక్క సీటులో కూర్చుంటామన్నారు. ఇరుసు పైన కంటె ఇరుసుల నడుమ కుదుపు తక్కువ గనుక అమ్మకు ఆ సీటే అనుకున్నాము. ఆయన రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని, దేనినీ పట్టుకోకుండా కూర్చున్నారు. "పట్టుకోండి నాన్నా" అన్నాడు తమ్ముడు. "మీ అమ్మ ఏం పట్టుకుంటుందిరా? బస్తాలు పట్టుకునేదా?" అన్నారు. పోయి వచ్చారు. మొదటిసారి టైర్లలో గాలి ఎక్కువగా ఉన్నది. కొంచెం తగ్గించి మళ్ళీ పోయారు. రెండవ తూము దగ్గర వేగం గంటకు ఎనిమిదికి తగ్గించవలెనని తేల్చారు. దిగిన తరువాత ఆయన ఏ వ్యాఖ్యానమూ చేయలేదు. మేస్త్రి విప్పిపెట్టిన పాత పట్టీలను తీసుకొనిపోయి గడ్డివాము వెనుక వేసి వచ్చారు.

ఇందులో మేము పోగొట్టుకున్నది కూడా చెప్పవలె. ఇప్పుడు ఆ జీపులో పది బస్తాలు వేస్తే అది రబ్బరు దిమ్మల మీద కూలబడుతుంది. అందుచేత ఒక్క బస్తా కూడా వేయడం లేదు. మిరప ఇప్పుడు అద్దె ట్రాక్టరులో పోతున్నది. కిరాయి ఖర్చు ఇంటి లెక్కలో కొత్తగా చేరినది. ఒకే కమాను బస్తాలకూ మనిషికీ సరిపడదు. ఇన్నేళ్ళూ బస్తాలకు సరిపడింది పెట్టుకున్నాము.

అమ్మను తీసుకొనివచ్చిన రోజు నేను వెనుక కూర్చున్నాను. కవితాళలో తారురోడ్డు వదిలేటప్పుడు ఆమె అలవాటుగా పమిట చెంగు చేతికి చుట్టుకున్నది. మొదటి తూము దాటినది. గాళ్ళలో చక్రాలు పైకీ కిందికీ పోతుంటే అవి కనబడుతున్నవి గాని బండి మెల్లగా ఉయ్యాలలాగ ఊగుతున్నది. రెండవ తూము దగ్గర తమ్ముడు దాదాపు ఆపినంత పని చేసి దాటించాడు. వెనుక ఒకసారి రబ్బరు తగిలి 'టక్' మన్నది. నా గుండె జల్లుమన్నది. అమ్మ తల తిప్పి, "ఇది రెండవ తూమేనా? గట్టు పక్కన మన వేపచెట్టు ఏమయినది?" అని అడిగినది. ఆ చెట్టు వానాకాలంలో పడిపోయినది. ఆ సంగతి చెప్పుకుంటూ ఇల్లు చేరాము.

యూ బోల్టులు అయిదువందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించాలని మేస్త్రి చెప్పాడు, బిగించాము. అమ్మ నెలనెలా రాయచూరు పోయి వస్తున్నది. దారి మాత్రం ఇంకా అట్లాగే ఉన్నది. మన సంఘంలో ఆ వైపు భూములున్నవారు పది సంతకాలు కలిపితే ఈసారి అర్జీ కొంచెం బరువుగా ఉంటుంది. ఆ మార్గాన వచ్చేవారు మా ఇంటికి తప్పక రండి. మామూలు కారులో వస్తే కవితాళలో ఆపి కబురు పెట్టండి, జీపు పంపుతాము. సామాను ఎక్కువ తేవద్దు.